చాటు చూపుల బొమ్మలు: జపాన్ చెక్క అచ్చుల్లో పొంచి చూసేవాళ్ళను కనిపెట్టే పద్ధతి

జపాన్ చెక్క అచ్చు బొమ్మలనగానే చాలామందికి హోకుసాయ్ గీసిన పెద్ద అల గుర్తొస్తుంది, ఆ తర్వాత ఫుజి కొండ. ఆ రెండూ దాటి లోపలికి వెళ్తే మరో లోకం కనిపిస్తుంది. ఎదో అనే నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, రెండు వందల ఏళ్ళపాటు అచ్చయిన ఉకియో-ఎ అనే ఈ చెక్క అచ్చు బొమ్మల్లో ఎక్కువ భాగం మనుషులవి, ఇళ్ళవి, టీ అంగళ్ళవి, నాటకశాలలవి. ఆ ఇళ్ళలో ఎవరో ఒకరు ఇంకొకరిని చాటుగా చూస్తూ ఉంటారు. వెదురు తెర వెనక ఒకరు, మేడ మీద ఒకరు, వరండా చెక్కల కింద ఒకరు. ఒక్కోసారి చూసేది దయ్యం, ఒక్కోసారి పిల్లి.

ఈ చాటు చూపును పట్టుకోవడం వస్తే, ఇంతకుముందు అందమైన బట్టల బొమ్మగా దాటేసినవాటిలో కూడా కథ తెరుచుకుంటుంది. ఆ పద్ధతిని ఇక్కడ మెట్టు మెట్టుగా చెబుతాను. నా మటుకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: పొంచి చూసేవాడు బొమ్మలో లేకపోతే, అతను నిలబడవలసిన చోట ఎవరు నిలబడ్డారు? మొదటి మెట్టు నుంచీ దీన్ని మనసులో పెట్టుకోండి.

మెట్టు 1: బొమ్మను పెద్దదిగా తెచ్చుకోండి

ఎక్కువగా కనిపించే ఓబన్ సైజు కాగితం సుమారు 39 సెంటీమీటర్ల పొడవు, 26 సెంటీమీటర్ల వెడల్పు. చూబన్ అందులో సగం. అంత చిన్న కాగితంలో ఒక కన్ను రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. ఫోన్‌లో చూస్తే వరండా కింద దాక్కున్నవాడు నల్ల మచ్చగా మిగిలిపోతాడు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం, చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్లలో పెద్ద ఫైళ్ళు ఉచితంగా దొరుకుతాయి. అవి దించుకుని కంప్యూటర్ తెరమీద నూటికి నూరు శాతం సైజులో చూడండి.

బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. స్పాల్డింగ్ సోదరులు 1921లో అక్కడికి సుమారు 6,500 అచ్చు బొమ్మలు ఇచ్చారు. వాటిని ఎప్పుడూ గోడకు తగిలించి ప్రదర్శించకూడదని షరతు పెట్టారు. కారణం వెలుతురు. ఆ కాలపు నీలం ఒక పూల రసం నుంచి తీసింది, వెలుగు తగిలితే వెలిసి పసుపు బారుతుంది. ఊదా రంగుదీ అదే గతి. మనం వెతికే చాటు చూపులు చాలావరకు రాత్రిపూట, వెన్నెల్లో, దీపం పక్కన జరుగుతాయి. రంగు వెలిస్తే రాత్రి పగలైపోతుంది, దాక్కున్నవాడి చీకటి పోతుంది. అందుకని ఒకే బొమ్మ రెండు మూడు ప్రతుల్లో దొరికితే అన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. చికాగోలో, బోస్టన్‌లో ఉన్న తెలుగువాళ్ళకు మరో వీలుంది. పెద్ద మ్యూజియాల్లో ముందుగా అడిగితే అచ్చు బొమ్మలను దగ్గర్నుంచి చూడనిచ్చే గదులు ఉంటాయి. నిబంధనలు కనుక్కుని వెళ్ళండి.

మెట్టు 2: ముందు అడ్డును వెతకండి, మనిషిని తర్వాత

మొదట కళ్ళు ముఖాల మీదికి పోతాయి, అది సహజం. వాటిని ఆపి, ఏది దేనికి అడ్డంగా ఉందో చూడండి. జపాన్ ఇంట్లో అడ్డు అంటే గోడ కాదు, పక్కకు జరిపే కాగితపు తలుపు. చెక్క చట్రానికి పల్చటి కాగితం అంటిస్తే అది షోజి, వెలుగు లోపలికి వస్తుంది. మందపు కాగితం, బొమ్మలు ఉంటే ఫుసుమ. సన్నటి వెదురు పుల్లల తెర సుదరే. మడత పెట్టే తెర బ్యోబు. ఇవి కాక దోమతెర, చెక్క ఊచల కిటికీ, ఎండు కొమ్మలు అల్లిన కంచె, చెట్టు మొదలు. వీటిలో ఏ ఒక్కటీ మాటను గానీ చూపును గానీ పూర్తిగా ఆపదు. గోడలకు చెవులుంటాయని మనం ఆగిపోతాం. జపాన్ సామెత ఇంకో అడుగు వేసి, షోజికి కళ్ళుంటాయంటుంది. వేలు తడిపి షోజి కాగితానికి కంత చేసి చూడటం ఈ బొమ్మల్లో మామూలు.

దీని వేరు చాలా లోతుకు పోతుంది. హెయాన్ కాలంలో, అంటే 8వ శతాబ్దం చివర నుంచి 12వ శతాబ్దం దాకా, పెద్దింటి ఆడవాళ్ళు పరాయి మగవాళ్ళ కంట పడేవారు కాదు. తెరల వెనకే ఉండేవారు. కాబట్టి ఆ కాలపు కథల్లో ప్రేమ తరచుగా కంచె సందులోంచి పొరపాటునో కావాలనో పడిన ఒక చూపుతో మొదలవుతుంది. దాన్ని కైమామి అంటారు. ‘ఇసె మోనొగతారి’ అనే ఆ కాలపు కథల పుస్తకంలో మొదటి కథలోనే, పాత రాజధాని నారా దగ్గర కసుగ పల్లెలో ఒక యువకుడు ఇద్దరు అక్కాచెల్లెళ్ళను కంచె సందులోంచి చూసి మనసు పారేసుకుంటాడు. ఆ పుస్తకం 1608లో క్యోటో దగ్గర సాగలో చెక్క అచ్చు బొమ్మలతో అచ్చయింది. జపాన్ సాహిత్యంలో బొమ్మలతో వచ్చిన తొలి అచ్చు పుస్తకాల్లో అదొకటి. అంటే బొమ్మల అచ్చుతోపాటే చాటు చూపు కూడా పాఠకుడి చేతికొచ్చింది.

మెట్టు 3: చూపు గీత గీయండి

ఉకియో-ఎ ముఖాలు మనల్ని కొంత ఇబ్బంది పెడతాయి. ముఖ్యంగా సుజుకి హరునోబు బొమ్మల్లో ఆడామగా అందరి ముఖాలూ ఒకేలా ఉంటాయి, కళ్ళు సన్నటి గీతలు. కనుపాపను నమ్ముకుంటే దారి తప్పుతాం. మెడ ఎటు తిరిగింది, గడ్డం ఎత్తి ఉందా దించి ఉందా, మోకాళ్ళు ఎటు, చేతిలో పని ఆగిపోయిందా అని చూడండి. పొంచి చూసేవాడి చేతులు సాధారణంగా కదలవు. సమిసెన్ అనే తీగల వాద్యం మీద వేళ్ళు ఆగిపోయిన మనిషి ఏదో వింటోందని, చూస్తోందని అర్థం.

ఫోన్‌లో బొమ్మ మీద గీసే సదుపాయం ఎలాగూ ఉంటుంది. ప్రతి ముఖం నుంచీ ఒక గీత గీయండి. రెండు గీతలు ఎదురెదురుగా కలిస్తే వాళ్ళు మాట్లాడుకుంటున్నట్టు. ఒక గీత ఇంకొకరి మీద పడి, ఆ రెండో మనిషి గీత మరోవైపు పోతే, చాటు చూపు దొరికినట్టే. గీత కాగితం అంచు దాటి బయటికి పోతే దాన్ని గుర్తు పెట్టుకుని ఉంచండి, ఏడో మెట్టులో పనికొస్తుంది. మనుషులందరికీ గీతలు గీశాక మూలలు వెతకండి: మేడ కిటికీ, చూరు కింద, తెర అంచు దాటి బయటపడిన చీర కొంగులాంటి కిమొనో అంచు, షోజి మీద పడిన నీడ.

మెట్టు 4: ఏ కథో గుర్తుపట్టండి

ఎదో కాలపు చిత్రకారులు పాత కథను తమ కాలపు బట్టల్లో చూపించడం చాలా ఇష్టపడేవారు. అలాంటివాటిని మితతె-ఎ అంటారు. బొమ్మలో ఉన్నది టీ అంగడి పిల్లే, కానీ పక్కన ఉన్న ఒక వస్తువు ఆమెను వెయ్యేళ్ళనాటి యువరాణిని చేస్తుంది. ఆ గుర్తులు తెలియాలి.

అన్నిటిలోకీ తరచుగా కనిపించేది తాడు కట్టిన పిల్లి. 11వ శతాబ్దం మొదట్లో మురసకి షికిబు రాసిన ‘గెంజి మోనొగతారి’ 34వ అధ్యాయంలో, వసంతం చివర, పూలు రాలుతున్న చెర్రీ చెట్ల కింద యువకులు కాలిబంతి ఆడుతుంటారు. లోపల కథానాయకుడు గెంజి భార్య, మూడో యువరాణి, తెర వెనక నిలబడి చూస్తుంటుంది. ఒక చిన్న పిల్లిని పెద్ద పిల్లి తరుముతుంది. చిన్నదాని తాడు చిక్కుకుని తెర అంచు పైకి లేస్తుంది. బయట ఉన్న కషివాగి ఆమెను చూసేస్తాడు. పక్కనే ఉన్న యూగిరి, లోపలివాళ్ళు జాగ్రత్తపడాలని గొంతు సవరిస్తాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ ఒక్క చూపు వల్ల ఒక రహస్య బిడ్డ పుడతాడు, కషివాగి కుమిలి కుమిలి చనిపోతాడు.

ఇప్పుడు ఆ కథ మితతె-ఎ బొమ్మల్లోకి ఎలా వచ్చిందో గమనించండి. నిలబడ్డ అందమైన అమ్మాయి, ఆమె కాళ్ళ దగ్గర తాడుతో పిల్లి, కొన్నిటిలో పైకి లేచిన వెదురు తెర. చాలా బొమ్మల్లో అంతే ఉంటుంది. కషివాగి ఉండడు. తెర ఎత్తినట్టే ఉంది, ఆమె కనిపిస్తూనే ఉంది, చూసేవాడు మాత్రం లేడు. అతను నిలబడిన చోట, అంటే కాగితానికి ఇవతల, బొమ్మ కొన్న మనిషి నిలబడ్డాడు. చిత్రకారుడు పాత్రను తీసేసి ఆ పాత్రను కొనుగోలుదారుకు ఇచ్చేశాడు. ఈ బొమ్మల్లో ఇంత తెలివైన పని మరొకటి నాకు కనబడలేదు.

మిగతా గుర్తులు త్వరగా చెప్పేస్తాను. ఎగిరిపోయిన పిచ్చుక, కంచె, బయట యువకుడు ఉంటే ‘గెంజి’ అయిదో అధ్యాయం. ఇద్దరు ఆడవాళ్ళు గో అనే రాళ్ళ పలకాట ఆడుతుంటే బయట నుంచి ఎవరైనా చూస్తున్నారేమో వెతకండి, మూడో అధ్యాయం కావచ్చు. గుమ్మం బయట వేణువు ఊదే కుర్రవాడు, లోపల కొతొ అనే తీగల వాద్యం వాయించే అమ్మాయి ఉంటే వాళ్ళు ఒక పాత ప్రేమకథలోని ఉషివకమారు, జోరురి-హిమె. అయిదు నిలువు గీతల చిన్న గుర్తు ఒకటి మూలన ఉంటే అది ‘గెంజి’లో ఒక అధ్యాయాన్ని సూచిస్తుంది. పిలక చివర రెండుగా చీలి పైకి లేచిన నాయకుడు కనిపిస్తే అతను మిత్సుఉజి. 1829 నుంచి 1842 దాకా ర్యూతెయ్ తనెహికొ రాయగా కునిసద బొమ్మలు వేసిన ‘నిసె మురసకి ఇనక గెంజి’ కథానాయకుడు.

‘ఇసె’లోని 23వ కథను మాత్రం వదలకండి. మొగుడు కవచి అనే ఊళ్ళో ఉన్న ఇంకో ఆమె దగ్గరికి వెళ్తానంటాడు, భార్య ముఖం మాడ్చకుండా సాగనంపుతుంది. ఈమెకు కూడా ఇంకెవరో ఉన్నారేమోనని అతనికి అనుమానం వస్తుంది. వెళ్ళినట్టు నటించి పెరటి మొక్కల చాటున దాక్కుంటాడు. ఆమె చక్కగా ముస్తాబై, ఈ నడిరాత్రి తత్సుత కొండను ఒంటరిగా ఎలా దాటుతున్నాడో అని దిగులుపడుతూ పద్యం చెప్పుకుంటుంది. అతను ఆ రెండో ఇంటికి వెళ్ళడం మానేస్తాడు. చాటు చూపు అంటే కామమే అనుకునేవాళ్ళకు ఈ కథ మంచి జవాబు. ఇక్కడ పొంచి చూసినది అనుమానం, దొరికినది ప్రేమ.

మెట్టు 5: ‘చూషింగుర’ ఏడో అంకంతో సాధన చేయండి

సాధనకు ఒక్క దృశ్యమే ఎంచుకోమంటే ఇదే ఎంచుకుంటాను. యజమాని చావుకు 47 మంది సమురాయ్‌లు పగ తీర్చుకున్న 18వ శతాబ్దం తొలినాళ్ళ నిజ ఘటనను, పేర్లూ కాలమూ మార్చి, 1748లో ఒసాకాలో బొమ్మలాటగా ఆడారు. అదే ‘కనదెహొన్ చూషింగుర’. వెంటనే కబుకి నాటకమూ అయింది. హోకుసాయ్, ఉతమారో, హిరోషిగే, కునిసద, కునియోషి, ఇలా పేరున్న ప్రతి చిత్రకారుడూ దీన్ని వేశాడు. కాబట్టి పోల్చి చూడటానికి బొమ్మలకు కొదవ లేదు.

ఏడో అంకం క్యోటోలో గియొన్‌లోని ఇచిరికి టీ ఇంట్లో జరుగుతుంది. పగ తీర్చుకోవలసిన దళానికి నాయకుడు యురనొసుకె. శత్రువు వేగులను ఏమార్చడానికి తాగుబోతులా, విలాసపురుషుడిలా నటిస్తున్నాడు. చనిపోయిన యజమాని భార్య నుంచి రహస్య ఉత్తరం వస్తుంది. అందరూ వెళ్ళాక వరండాలో వేలాడే లాంతరు వెలుగులో చదువుతాడు. ఉత్తరం చుట్టగా ఉంది, చదివిన భాగం కిందికి జారుతూ ఉంటుంది.

బొమ్మలో మొదట లాంతరు చూడండి, ఆ పక్కన యురనొసుకె. అక్కడి నుంచి పైకి. మేడ మీద ఓకరు అనే యువతి చల్లగాలికి కూర్చుని ఉంది. అది ప్రేమలేఖ అనుకుని, తన అద్దాన్ని వంచి అందులో ఉత్తరం చదువుతోంది. ఇప్పుడు కిందికి. వరండా చెక్కల కింద కుదాయు అనే ద్రోహి దాక్కున్నాడు. జారిన ఉత్తరం చివర పట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని వెన్నెల్లో చదువుతున్నాడు. ఒకే కాగితం, మూడు జతల కళ్ళు, మూడు వెలుగులు. పైనున్నామెకు కింద ఒకడున్నాడని తెలియదు, కిందివాడికి పైనున్నామె సంగతి తెలియదు, చదివేవాడికి ఇద్దరి సంగతీ తెలియదు. అన్నీ తెలిసినవాళ్ళం మనమే. ఆ తర్వాత ఓకరు జడపిన్ను జారి కింద పడుతుంది, యురనొసుకె తలెత్తుతాడు. ఉత్తరం చివర చినిగి ఉండటం చూసి కింద కూడా ఒకడున్నాడని గ్రహిస్తాడు. అంకం చివర, యురనొసుకె చెయ్యి ఆసరాతో ఓకరు చెక్కల సందులోంచి కత్తి దించి కుదాయును పొడుస్తుంది.

మీ చేతిలో ఉన్న బొమ్మ ఈ కథలో ఏ క్షణానిదో నిర్ణయించండి. పిన్ను ఇంకా జుట్టులోనే ఉందా? ఉత్తరం చివర నేలకు తాకిందా, కుదాయు చేతికి చిక్కిందా? ఎక్కువమంది పిన్ను జారడానికి ముందు క్షణాన్నే ఎంచుకున్నారు, ఎందుకంటే గుట్టు అప్పటిదాకానే నిలుస్తుంది. తర్వాత మితతె-ఎ రూపాలు వెతకండి. కత్తీ లేదు, కుట్రా లేదు, మామూలు యువకుడు ఉత్తరం చదువుతుంటే మేడమీద అమ్మాయి అద్దంలో చూస్తోంది. ఎదో జనానికి ఆ అద్దం, ఆ ఉత్తరం చాలు, ఏడో అంకం అని నవ్వుకునేవారు.

ఒక్క మాట. ఓకరు ఆ ఇంట్లో సరదాకు లేదు. భర్త కంపెయ్‌కి డబ్బు సమకూరాలని ఆమెను అక్కడ అమ్మారు. పొంచి చూసిన నేరానికి ఆమెను చంపాలని కూడా యురనొసుకె ముందు అనుకుంటాడు. బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా, ఆ మేడ మీద కూర్చున్న మనిషి పరిస్థితి అది.

మెట్టు 6: అద్దాన్ని, నీడను విడిగా చదవండి

ఆ కాలపు అద్దం కంచుది, మెరుగు పెట్టి వాడేవారు. ఉతమారో 1790ల మొదట్లో వేసిన ‘సుగతామి షిచినిన్ కెషో’ వరుసలో ప్రసిద్ధమైన బొమ్మ ఒకటుంది. యువతి వీపు మనవైపు, ముఖం నల్ల లక్క అంచు అద్దంలో. మెడ వెనక భాగం మనకు దగ్గరగా ఉంటుంది. దాన్ని అందానికి గుర్తుగా భావించేవారు. ఒకే కాగితం మీద ఆమెకు కనిపించే ముఖమూ ఉంది, ఆమెకు కనిపించని మెడా ఉంది. ఆ రెండోది మన కోసమే. ఆమె కళ్ళు అద్దంలోంచి మన వైపు వస్తున్నాయా అని జాగ్రత్తగా చూడండి. రావు. తన జుట్టు ధ్యాసలో ఉంది.

నీడకు హిరోషిగే ‘మెయిషొ ఎదో హ్యక్కెయ్’ అనే ఎదో దృశ్యాల వరుసలోని ‘త్సుకి నొ మిసకి’ చూడండి. 1857 నాటిది. షినగవ సముద్రతీరాన ఒక విలాస గృహం, గది ఖాళీ. పళ్ళేలు తాతామి చాప మీద మిగిలి ఉన్నాయి. బయట నిండు చంద్రుడు, బాతుల వరుస. ఎడమవైపు షోజి మీద ఒక యువతి నీడ, కుడివైపు అంచులో సగం కనబడే గేషా. ఇద్దరిలో ఎవరి ముఖమూ మనకు దక్కదు. విందు అయిపోయాక గదిలో ఎవరూ లేని సమయాన మనల్ని లోపలికి పంపాడు చిత్రకారుడు.

మెట్టు 7: మీరెక్కడ నిలబడ్డారో తేల్చుకోండి

అసలు పని ఇక్కడుంది. 12వ శతాబ్దపు ‘గెంజి’ బొమ్మల చుట్టల్లో ఇంటి కప్పు ఉండదు. బొమ్మరిల్లు మూత తీసినట్టు పైనుంచి లోపలికి చూస్తాం. నగోయాలోని తొకుగవ మ్యూజియంలో ఉన్న హషిహిమె అధ్యాయపు దృశ్యంలో కవొరు అనే యువకుడు కంచె బయట నుంచి, వెన్నెల్లో వాద్యాలు వాయించే అక్కాచెల్లెళ్ళను చూస్తాడు. మనం కవొరునూ చూస్తాం, వాళ్ళనూ చూస్తాం. చూసేవాడిని చూసే ఈ చోటు అచ్చు బొమ్మలకు వారసత్వంగా వచ్చింది.

హరునోబు 1770లో వేసిన మనెఎమొన్ వరుస దీన్ని బాహాటంగా ఆటగా మార్చింది. ఒక మనిషి చిక్కుడు గింజంత చిన్నవాడైపోయి, ప్రేమ విద్య నేర్చుకోవాలని ఇళ్ళన్నీ తిరుగుతూ 24 బొమ్మల్లో జంటల పక్కన కూర్చుని చూస్తాడు. ఇది శృంగార చిత్రాల కోవలోది, పెద్దల కోసమే. అందులో మనెఎమొన్ ముఖాన్ని పరిశీలించండి. కొనుగోలుదారుకు అద్దం పట్టే పాత్ర అది.

ఇక నా లెక్కలో ఈ విషయం మీద వచ్చిన బొమ్మలన్నిటికీ మకుటం హోకుసాయ్ వేసిన కొహద కొహెయ్‌జి. 1831-32 ప్రాంతంలో వచ్చిన ‘హ్యకు మోనొగతారి’ దయ్యాల వరుసలోది. ఆ వరుసలో అయిదు బొమ్మలే తెలుసు. కొహెయ్‌జి ఒక నటుడు. అతని భార్య, ఆమె ప్రియుడు కలిసి అతన్ని చంపించారని కథ. చచ్చినవాడు వాళ్ళు పడుకున్న దోమతెర దగ్గరికి వస్తాడు. దగ్గరగా చూడండి: మాంసం ఊడుతున్న పుర్రె, దానికి అంటుకున్న నాలుగు వెంట్రుకలు, దోమతెర పై అంచును కిందికి లాగే ఎముకల వేళ్ళు. తల తెర పైన ఉంది, ఒళ్ళు తెర వెనక ఉంది. అంటే దోమతెర మనకూ అతనికీ మధ్య ఉంది. మనం లోపల ఉన్నాం. హంతకుల పక్క మీద పడుకుని పైకి చూస్తున్నాం. బొమ్మలో భార్యా లేదు, ప్రియుడూ లేడు. పిల్లి బొమ్మలో చూసేవాడి చోటు మనకిచ్చారు, ఇక్కడ చూడబడేవాళ్ళ చోటు ఇచ్చారు.

మూడో మెట్టులో దాచిన గీతలను ఇప్పుడు బయటికి తీయండి. కాగితం దాటిన ప్రతి చూపూ ఎక్కడ పడుతుంది? మీ మీద పడితే మీరు పట్టుబడినట్టు. మీ పక్కనుంచి పోతే మీరింకా చాటునే ఉన్నారు.

పట్టుబడిన చాటు చూపుకు ఒక ఉదాహరణ యోషితోషి 1883లో మూడు కాగితాల మీద వేసిన యసుమస బొమ్మ. వెన్నెల మైదానంలో ఫుజివర నొ యసుమస వేణువు ఊదుతూ నడుస్తున్నాడు. వెనక గడ్డిలో హకమదరె అనే దొంగ అతని బట్టల కోసం పొంచి ఉన్నాడు. యసుమస వెనక్కి తిరగడు. పాట ఆపడు. ఆ నిబ్బరం చూసి దొంగ దూకలేకపోతాడు. కథలో చివరికి యసుమస అతన్ని ఇంటికి తీసుకెళ్ళి మందపాటి వస్త్రం ఇచ్చి పంపుతాడు.

మెట్టు 8: కాగితం కొలతా అచ్చు పనీ చూడండి

స్తంభాలకు అంటించే హషిర-ఎ బొమ్మలు సుమారు 70 సెంటీమీటర్ల పొడవు, 12 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి. హరునోబు, కొర్యూసాయ్ వీటిలో దిట్టలు. అంత సన్నటి కాగితంలో మనిషి సగమే పడుతుంది, మిగతా సగం అంచు వెనకే ఉండిపోతుంది. కొంచెం తెరిచిన తలుపు సందులోంచి చూస్తున్నామని అనిపించడానికి కాగితం కొలతే కారణం. అలాంటి బొమ్మలో వేరే అడ్డు గీయనక్కర్లేదు.

దోమతెర బొమ్మ దొరికితే దారపు గళ్ళను పెద్దవి చేసి చూడండి. నిలువు గీతలను ఒక చెక్క మీద, అడ్డగీతలను ఇంకో చెక్క మీద చెక్కి, ఒకదాని మీద ఒకటి అచ్చు వేసే పద్ధతి ఉంది. ఒక వెంట్రుకవాసి జరిగితే గళ్ళు పాడవుతాయి. ఆ తెర వెనక ముఖం స్పష్టంగా కనబడుతూనే తెర వెనక ఉన్నట్టు అనిపించాలి. చిత్రకారుడి పేరు బొమ్మ మీద ఉంటుంది, కానీ ఆ చూపును సాధ్యం చేసింది పేరు అరుదుగా మిగిలిన చెక్కేవాడు, అచ్చు వేసేవాడు.

మెట్టు 9: ఎవరి చూపుకు ఎవరు వెల కట్టారో అడగండి

ఈ మెట్టు వదిలేస్తే మిగతావన్నీ సరదా ఆటగా మిగిలిపోతాయి. ఎదోలో ప్రభుత్వం అనుమతించిన వేశ్యావాడ యొషివర. 1657 అగ్నిప్రమాదం తర్వాత దాన్ని అసకుస అవతలికి మార్చారు. అక్కడ వీధివైపు గదుల్లో ఆడవాళ్ళను చెక్క ఊచల వెనక కూర్చోబెట్టేవారు. ఎవరైనా వచ్చి చూడొచ్చు. చాలామంది ఇంటి అప్పుల కింద చిన్నతనంలోనే అమ్ముడుపోయినవాళ్ళు. కాబట్టి యొషివర బొమ్మల్లో తెర చాటు దృశ్యాన్ని చూసి, ఆమె ఏకాంతాన్ని మనం దొంగిలించామనుకుంటాం గానీ, ఆమెకు ఏకాంతం ముందే లేదు. ఆ బొమ్మలు ఆ ఇళ్ళకు ప్రచారం కూడా.

అందుకే హిరోషిగే అదే ఎదో వరుసలోని అసకుస పొలాల బొమ్మ నాకు చాలా గొప్పగా కనిపిస్తుంది. యొషివర మేడ కిటికీ. ఊచల లోపల గట్టు మీద తెల్లపిల్లి కూర్చుని బయటికి చూస్తోంది. దూరంగా పొలాల మధ్య తొరి నొ మచి జాతర జనం వరుసగా నడుస్తున్నారు, వెనక ఫుజి కొండ. గదిలో నేల మీద పండుగ జడపిన్నులు, గట్టు మీద గిన్నె, తువాలు. ఆమె తెర వెనక ఎక్కడో ఉంది. ఆమెను చూపించలేదు. బయటికి చూసే హక్కు ఆ గదిలో పిల్లికి ఉంది.

హోకుసాయ్ కూతురు ఒయి వేసిన యొషివర రాత్రి చిత్రాన్ని కూడా దీని పక్కన పెట్టి చూడండి. అది అచ్చు కాదు, చేత్తో వేసిన చిత్రం, టోక్యోలోని ఓత మ్యూజియంలో ఉంది. లోపల దేదీప్యమానంగా వెలుగు, బయట చీకట్లో గుంపు. ఊచలు అడ్డొచ్చి లోపలి ఆడవాళ్ళ ముఖాలు చాలావరకు అందవు. చూడవచ్చినవాళ్ళే నీడలయ్యారు.

అధికారుల చూపు సంగతి క్లుప్తంగా. 1722 ఉత్తర్వు శృంగార పుస్తకాలను నిషేధించింది, అవి చాటుగా అచ్చవుతూనే ఉన్నాయి, చాలావాటి మీద చిత్రకారుడి పేరు ఉండదు. 1790 నుంచి అమ్మకానికి పోయే బొమ్మ మీద పరీక్ష ముద్ర ఉండాలన్నారు. గుండ్రటి చిన్న ముద్ర కనిపిస్తే ఒక పరీక్షకుడి కన్ను మీకంటే ముందే ఈ బొమ్మ మీద పడిందని అర్థం. 1804లో 16వ శతాబ్దపు పాలకుడు హిదెయొషి బొమ్మలు వేసినందుకు ఉతమారోకు 50 రోజులు చేతులకు సంకెళ్ళు వేశారు.

మెట్టు 10: నాలుగు వాక్యాల్లో రాసిపెట్టండి

చూసిన ప్రతి బొమ్మకూ రాత తప్పనిసరి. రాయకపోతే పదో బొమ్మకు మొదటిది చెదిరిపోతుంది. మొదటి వాక్యంలో అడ్డు ఏమిటో రాయండి. రెండో వాక్యంలో ఎవరి చూపు ఎవరి మీద, ఎవరికి అది తెలియదు. మూడోదానిలో మీరు ఎక్కడున్నారు, ఆ చోటు కథలో ఎవరిది. నాలుగోదానిలో, చూడబడుతున్న మనిషికి తలుపు మూసుకునే వీలుందా లేదా. కొహెయ్‌జి బొమ్మకు నేను ఇలా రాసుకున్నాను: "అడ్డు దోమతెర. చచ్చినవాడు నిద్రపోయేవాళ్ళను చూస్తున్నాడు, వాళ్ళకు తెలియదు. నేను పక్క మీద ఉన్నాను, అది భార్య చోటు కావచ్చు, ప్రియుడి చోటు కావచ్చు. మూసుకోవడానికి తలుపు లేదు, తెరను ఇప్పటికే కిందికి లాగేశాడు."

వరుసగా చూడాలంటే ముందు ఏడో అంకం బొమ్మలు నలుగురు చిత్రకారులవి తీసుకోండి. తర్వాత మూడో యువరాణి పిల్లి బొమ్మలు, హరునోబువి, కొర్యూసాయ్‌వి. ఆ తర్వాత హిరోషిగే రెండు బొమ్మలు, చివర కొహెయ్‌జి. ఈ వరుస ఎందుకంటే, మొదటివాటిలో పొంచి చూసేవాళ్ళు కాగితం మీదే దొరుకుతారు, పోనుపోను దొరకరు.